అప్‌డేట్: చిట్టి మంచం కింద నుంచి బయటికొచ్చింది

మూడు వారాల కిందట అడిగాను: రోడ్డు పక్క నుంచి తెచ్చిన ఆడకుక్క మంచం కిందే ఉంటోంది, అన్నం ముట్టట్లేదు, ఏం చేయాలని. రక్తపరీక్ష చేయించమన్నవాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నాను. భయం ఒక్కటే కాదు, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కూడా ఉంది. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడమన్నారు, ఇంకో వారం మిగిలింది. ఖాళీ కడుపుతో వేస్తే వాంతి చేసుకుంటోంది, అందుకే ముందు చికెన్ ఉడికించిన నీళ్లు కలిపిన అన్నం పెడుతున్నాను.

మొన్న గిన్నె మొత్తం నాకేసి, నా పాదం మీద తల పెట్టి నిద్రపోయింది. గంటసేపు నేను కదల్లేదు. కుక్కర్ విజిల్‌కి మాత్రం ఇంకా వణికిపోతోంది, పాపం.

కోలుకున్నాక రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. దత్తతకి అడిగిన ఒక కుటుంబం ఆదివారం చూడ్డానికి వస్తోంది. వెంటనే ఇవ్వను. రెండు మూడుసార్లు వచ్చి అలవాటు చేసుకోమంటాను.