కౌన్సెలింగ్ మేలు చేసిందో లేదో తేల్చవలసింది ఎవరు?

ఎం.వి.పి. కాలనీ వాసి:
మా పేటలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కౌన్సెలింగ్ కేంద్రం తన పనితీరును మదింపు చేయించుకోబోతున్నది. ఆ బృందంలో అక్కడ కౌన్సెలింగ్ పొందినవారికీ చోటు ఉండాలా, నిపుణులు ఉంటే సరిపోతుందా? మీ అభిప్రాయాలు తెలపండి.

గాజువాక కౌన్సెలర్:
కౌన్సెలింగ్ పొందినవారిని చేర్చడానికి నాకు అభ్యంతరం ఉంది. కౌన్సెలింగ్ నడుమ పాత బాధలు పైకి వచ్చే వారాలుంటాయి. అప్పుడు అడిగితే ఎవరైనా బాగాలేదనే అంటారు. పైగా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. ఇంగ్లండ్‌లో 2008లో మొదలైన ప్రభుత్వ కౌన్సెలింగ్ సేవల్లో ప్రతి భేటీకీ పీహెచ్‌క్యూ-9 అనే, మానసిక కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి నింపిస్తారు; మార్కులు ఎక్కువైతే కుంగుబాటు ఎక్కువని లెక్క. అంత పరీక్షకు నిలిచిన కొలత ఉండగా అభిప్రాయాలెందుకు?

ఉక్కునగరం నుంచి:
కౌన్సెలర్ గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నేను తొమ్మిది నెలలు కౌన్సెలింగ్‌కు వెళ్లినవాణ్ణి. మీరు చెప్పిన ప్రశ్నావళి గడచిన రెండు వారాల గురించి అడుగుతుంది. మొత్తం 27 మార్కుల్లో నిద్ర, అలసట, ఆకలి అనే మూడింటికే 9 పోతాయి. సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, పడినప్పుడల్లా నాకు ఆ మూడూ తారుమారయ్యేవి, దానితో మార్కులు పెరిగేవి. పగటి డ్యూటీకి మారగానే తగ్గేవి. నాకు నయమవుతున్నదని కాగితం చెప్పిన నెలలోనే నేను ఇంట్లో ఎవరితోనూ పెదవి విప్పలేదు. మా అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకొని వస్తే విసుక్కోకుండా పక్కన కూర్చోగలిగిన సాయంత్రం, కుదుటపడుతున్నానని నాకు తెలిసింది. ఆ సంగతి ఏ ఫారమూ అడగలేదు. ఏమి అడగాలో నిర్ణయించే దగ్గరే మాలాంటివారు ఉండాలనడం అందుకే.

ఇంకొక మాట. చివరి రోజున కౌన్సెలర్ గారే ఫారం నా ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చి, ఎదురుగా కూర్చున్నారు. నా ఏడుపు విన్న మనిషి ఎదుట ‘ఫరవాలేదు’ అనే గడిలో టిక్కు పెట్టడానికి కూడా చేయి రాలేదు. అన్నిటికీ ‘చాలా బాగుంది’ అని పెట్టి వచ్చేశాను. ఆయన నిజంగా మంచివారు, కానీ ఆ కాగితం వల్ల ఆయనకు తెలిసింది ఏమీ లేదు.

నాతోపాటు వరండాలో కూర్చునే ఒకావిడ మూడోసారి తర్వాత రాలేదు. అనకాపల్లి నుంచి బస్సులో వచ్చేవారు; ఎప్పుడూ పదకొండు గంటలకే సమయం ఇవ్వడంతో ఆ రోజు కూలి పోయేది. మధ్యలో మానేసినవారిని అడగని మదింపు ఆ కేంద్రం గురించి సగమే చెబుతుంది.

మీరన్న చట్టమే, రోగిని ఆసుపత్రిలో ఉంచడం వంటి వాటిపై అభ్యంతరాలను విని తేల్చే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుల్లో ఆరుగురిలో ఇద్దరి స్థానాలను ఆ అనారోగ్యం ఉన్నవారికి, వారి సంరక్షకులకు, వారి పక్షాన పనిచేసే సంస్థలకు కేటాయించింది. అంత బరువైన నిర్ణయాలకు పనికొచ్చినవారు ఒక కేంద్రం పనితీరును చూడడానికి పనికిరారా?

గాజువాక కౌన్సెలర్:
ఫారం సంగతిలో మీ మాట సబబు. నేనూ అలాగే నింపించాను, ఇకమీదట మానుకుంటాను. అయితే కౌన్సెలింగ్ ముగిసి కనీసం ఆరు నెలలు గడచినవారినే బృందంలోకి తీసుకోవాలి; ఇతరుల కేసు ఫైళ్లు వారి చేతికి ఇవ్వరాదు.

ఉక్కునగరం నుంచి:
రెండింటికీ ఒప్పుకుంటున్నాను. వచ్చినవారికి ఆ రోజు కూలి, బస్సు చార్జీలు ఇవ్వాలని కూడా రాయండి.

ఎం.వి.పి. కాలనీ వాసి:
ఈ మూడూ కేంద్రం వారికి రాసి ఇస్తాను. మానేసినవారికి ఫోన్ ఎవరు చేయాలి?

గాజువాక కౌన్సెలర్:
మొదటి ఫోన్ కేంద్రం నుంచే వెళ్లాలి, అదీ వారిని చూసిన కౌన్సెలర్ కాక వేరొకరు చేయాలి. సరేనన్నవారి నంబరు మాత్రమే బృందానికి ఇవ్వాలి.