కనూ ట్రిప్‌కి జీపీఎస్ మ్యాప్ తిరుపతిలో కూర్చుని తయారు చేసుకోవడం ఎలా?

కొర్లగుంట కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఆగస్టులో అమెరికాలో మా అక్కావాళ్ల ఇంటికి వెళ్తున్నా. మినెసోటా రాష్ట్రం ఉత్తరాన, కెనడా సరిహద్దు పక్కనే బౌండరీ వాటర్స్ అనే అడవి ఉంది. వెయ్యికి పైగా సరస్సులు. లోపల రోడ్లు లేవు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దంటున్నారు. నలుగురం రెండు కనూల్లో (తెడ్డుతో నడిపే సన్నని పడవలు) ఐదు రోజులు తిరగాలని ప్లాన్. సాబిల్ సరస్సులో దిగి, ఉత్తరాన ఉన్న చెరోకీ సరస్సు దాకా వెళ్లి, చుట్టి మళ్లీ సాబిల్‌కే రావాలి. పర్మిట్ మా బావ తీసేసుకున్నాడు. "నువ్వు కంప్యూటర్ చదివినోడివి కదా, మ్యాప్ పని నీదే" అని నాకు అంటగట్టాడు.

ల్యాప్‌టాప్‌లో కాల్‌టోపో అనే మ్యాప్ సైట్ తెరిచి, బావ పంపిన పాయింట్లు ఎక్కిస్తే అన్నీ మంగోలియాలో పడుతున్నాయి. ఇది మొదటి సమస్య. రెండోది, చేత్తో రూటు గీసి చూస్తే మొత్తం 50 కిలోమీటర్లు కూడా రాలేదు. రోజుకు పది కిలోమీటర్లు మరీ తక్కువ కదా, ఇంకో రెండు మూడు సరస్సులు కలపనా? మూడోది, ఫోన్ చాలా, చేతి జీపీఎస్ కొనాలా?

చిత్తూరు సర్వేయర్:
తమ్ముడూ, మంగోలియా సంగతి తేలిక. అక్కడి రేఖాంశం పశ్చిమం, అంటే ముందు మైనస్ గుర్తు ఉండాలి. సాబిల్ సరస్సు దాదాపు 47.87 ఉత్తరం, 90.88 పశ్చిమం. మైనస్ పోతే అదే 90.88 తూర్పు అవుతుంది, అది మంగోలియాయే. మనం ఎప్పుడూ తూర్పు రేఖాంశంలోనే పనిచేస్తాం కాబట్టి మైనస్ మన చేతికి అలవాటు లేదు. యూటీఎంలో, అంటే భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చోటు చెప్పే పద్ధతిలో అయితే జోన్ కూడా మారుతుంది. తిరుపతి 44లో ఉంటే సాబిల్ 15లో ఉంటుంది.

ఇంకోటి చూసుకో. మీ బావ ఆ పాయింట్లు పాత కాగితం మ్యాప్ నుంచి తీశాడేమో అడుగు. అమెరికా పాత టోపో షీట్లు చాలావరకు ఎన్‌ఏడీ27 అనే డేటమ్‌లో (చోటు అంకెలు లెక్కించడానికి ఆధారంగా తీసుకునే భూమి నమూనా) ఉంటాయి, నీ ఫోను డబ్ల్యూజీఎస్84 అనే ఇంకో డేటమ్‌లో చూపిస్తుంది. యూటీఎం అంకెలు ఒకదానిలోవి ఇంకోదానిలో కొడితే సుమారు 200 మీటర్లు పక్కకు పోతాయి. మన దగ్గర ఎవరెస్ట్ డేటమ్ ఉన్న పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లతో కొత్త జీపీఎస్ రీడింగులు కలవక తలపట్టుకుంటామే, అదే గొడవ. చిక్కగా చెట్లున్న ఒడ్డున 200 మీటర్ల తేడా అంటే దారి మొదలు కనబడదు.

ఇక నీ అసలు ప్రశ్న, సరస్సులు కలపాలా అని. వద్దు. నువ్వు కిలోమీటర్లు లెక్కేస్తున్నావు, గంటలు లెక్కేయాలి. సరస్సుకీ సరస్సుకీ మధ్య పడవని నెత్తినెత్తుకుని నడిచే దారులుంటాయి, పోర్టేజ్ అంటారు. వాటి పొడవు అక్కడి మ్యాపుల్లో రాడ్‌లలో రాస్తారు. ఒక రాడ్ 16.5 అడుగులు, అంటే ఐదు మీటర్లు. 320 రాడ్‌లు ఒక మైలు. మ్యాపులో 180 అని ఉంటే 900 మీటర్లన్నమాట. కానీ సామానంతా ఒకే విడతలో మోయలేరు. కనూ ఒక విడత, మూటలు ఇంకో విడత. మోసుకెళ్లి, ఖాళీ చేతులతో వెనక్కొచ్చి, మళ్లీ మోసుకెళ్లాలి. అంటే ఆ 900 మీటర్లు నడకలో 2.7 కిలోమీటర్లు. రాళ్లు, బురద, దోమలు. గంట పైనే తీసుకుంటుంది. నీ సాఫ్ట్‌వేర్‌కి అది స్క్రీన్ మీద చిన్న గీత, అంతే. నీళ్ల మీద సామానుతో ఉన్న కనూ గంటకు 4 కిలోమీటర్లు వెళ్తే బాగా వెళ్లినట్టే, ఎదురుగాలి ఉంటే అదీ లేదు.

కాబట్టి ఎక్సెల్‌లో నాలుగు గడులు పెట్టు. నీటి దూరం, పోర్టేజ్ రాడ్‌లు, మూడింతలు చేసిన నడక, గంటలు. అప్పుడు రోజుకు పది కిలోమీటర్లు తక్కువా ఎక్కువా నీకే తెలుస్తుంది.

రూటు గీసేటప్పుడు సరస్సు నడిమధ్యన సూటిగా గీయకు. గీత దానంతటదే దారికి అతుక్కునే సదుపాయం ఆపేసి, ఒడ్డుకు దగ్గరగా చేత్తో పాయింటు పాయింటుగా గీయి. వేసవిలో మధ్యాహ్నం గాలి లేస్తే పెద్ద సరస్సులో అలలు వస్తాయి, అందరూ ఒడ్డు పట్టుకునే పోతారు. సూటి గీత, ఒడ్డు గీత రెండింటి పొడవూ కొలిచి చూసుకో.

కొర్లగుంట కుర్రాడు:
అన్నా, మైనస్ పెట్టగానే పాయింట్లన్నీ చక్కగా సాబిల్ మీద పడ్డాయి. లెక్క వేస్తే రెండో రోజే ఎనిమిది గంటలు వచ్చింది! సరస్సులు కలపను, ఒకటి తీసేద్దామని బావకి చెప్తా. ఫోన్ సంగతి?

డులూత్‌వాసి:
నేను ఆ ప్రాంతానికి దగ్గర్లోనే ఉంటాను. ఫోన్ చాలు, కానీ ఫోన్ ఒక్కటే చాలదు. సిమ్ లేకపోయినా, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్ మాత్రం ముందే దించుకోవాలి. గాయా జీపీఎస్, కాల్‌టోపో, ఆస్మ్‌యాండ్ అనే మ్యాప్ యాప్‌లు మూడూ ఆఫ్‌లైన్‌లో వాడుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌ని ఈ పనికి నమ్ముకోవద్దు. ఫోన్‌తో అసలు చిక్కు తడి వేళ్లు. వాన చినుకులు పడితే స్క్రీన్ తనంతట తనే జూమ్ అయిపోతుంది. బటన్లున్న చేతి జీపీఎస్‌కి ఆ బాధ లేదు. కొనక్కర్లేదు, అక్కడి కనూ షాపుల్లో అద్దెకు దొరుకుతుందేమో మీ బావని కనుక్కోమనండి.

చేతి జీపీఎస్‌లోకి మీ పాయింట్లు, రూటు ఉన్న జీపీఎక్స్ రకం ఫైలు ఎక్కించండి. గూగుల్ ఎర్త్ ఇచ్చే కేఎంఎల్ రకం ఫైలు నేరుగా తీసుకోకపోవచ్చు. పాయింట్ల పేర్లు ఇంగ్లిష్‌లోనే, పొట్టిగా పెట్టండి. తెలుగు పేర్లు కొన్ని పరికరాల్లో డబ్బాలుగా కనిపిస్తాయి. రూటింగ్‌ని "డైరెక్ట్"లో ఉంచండి, లేకపోతే రోడ్డు వెతుక్కుంటూ మిమ్మల్ని ఎక్కడెక్కడో తిప్పుతుంది.

పాయింట్లు తక్కువ పెట్టండి. ప్రతి పోర్టేజ్ మొదలు, చివర, రాత్రి గుడారాలు. అంతే. గుడారం వేసే చోట్లు ప్రభుత్వం నిర్ణయించినవే ఉంటాయి, పొయ్యి కోసం ఇనుప జాలి ఉంటుంది. ముందు బుకింగ్ లేదు, ఎవరు ముందొస్తే వాళ్లది. అందుకే ప్రతి రాత్రికీ కనీసం మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి. సాయంత్రం ఆరింటికి మొదటిది నిండిపోయి ఉంటే ఎంత టెన్షనో మాటల్లో చెప్పలేను.

ఒక చిట్కా. నీటి మట్టం నుంచి చూస్తే దీవి ఏదో, ఒడ్డు ఏదో తేడా తెలియదు, అంతా ఒకే పచ్చ గోడ. పోర్టేజ్‌కి సూటిగా గురి పెట్టకుండా కావాలనే కొంచెం ఎడమకి గురి పెట్టండి. ఒడ్డు తగిలాక కుడికి తిరిగితే సరి. సూటిగా వెళ్లి తప్పితే, ఎటు వెతకాలో తెలియదు.

మెట్లదారి మామ:
పిల్లోడా, అక్కడికి పోయి కొత్త యాప్ నేర్చుకోబాకు. ఇక్కడే పరీక్ష పెట్టుకో. అలిపిరి మెట్లదారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. ఆఫ్‌లైన్ మ్యాప్ వేసుకుని, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ట్రాక్ రికార్డు చేసుకుంటూ ఎక్కు. పైన దూరం ఎంత చూపించిందో, చార్జింగ్ ఎంత దిగిందో రాసుకో. పైకప్పు ఉన్నచోట గీత అటూఇటూ గెంతుతుంది, దూరం ఎక్కువ చూపిస్తుంది. చెట్ల కింద పోర్టేజ్‌లోనూ దాదాపు అట్లే ఉంటుంది. సరస్సు నడుమ ఆకాశం తెరిపిగా ఉంటుంది కాబట్టి అక్కడ బాగా చూపిస్తుంది. పరీక్ష కోసమని శేషాచలం అడవిలోకి మాత్రం దూరబాకు, ఫారెస్టోళ్ల పర్మిషన్ లేకుండా పోకూడదు.

చిత్తూరు సర్వేయర్:
మామ మాట విను. ఇంకొకటి, కాగితం మ్యాప్ తప్పనిసరి. కాల్‌టోపోలో 1:25,000 స్కేలుకి యూటీఎం గళ్లతో పీడీఎఫ్ చేసి, లేజర్ ప్రింట్ తీయించు. ఇంక్‌జెట్ అయితే తడికి అలుక్కుపోతుంది. జిరాక్స్ షాపులో "ఫిట్ టు పేజ్" తీసేయమని చెప్పు. అడగకుండానే అది పెట్టేస్తారు, స్కేలు మొత్తం పాడవుతుంది. ఇంటికొచ్చి స్కేలుబద్దతో కొలువు. కిలోమీటరు గడి సరిగ్గా 4 సెంటీమీటర్లు రావాలి. రాకపోతే మళ్లీ ప్రింట్ తీయించు. ఒక కాపీ నీ కనూలో, ఒకటి రెండోదానిలో. మామూలు దిక్సూచి కూడా పెట్టుకో. ఆ ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీకి అటూఇటూగానే ఉంటుంది, దిద్దుబాటు తలనొప్పి లేదు.

కొర్లగుంట కుర్రాడు:
పవర్ బ్యాంక్ ఇక్కడి నుంచే తీసుకెళ్తా. బావ ఉపగ్రహ మెసెంజర్ కొంటాడట, తిరిగొచ్చేటప్పుడు నాకిచ్చేస్తానంటున్నాడు. శేషాచలంలో పనికొస్తుందని.

డులూత్‌వాసి:
అయ్యో, అది వద్దు. ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరాలు, శాటిలైట్ ఫోన్లు భారత్‌లో అనుమతి లేకుండా తీసుకురావడం చట్టవిరుద్ధం. విమానాశ్రయంలో పట్టుబడి కేసులైనవాళ్లు ఉన్నారు. ట్రిప్‌లో వాడుకుని అక్కడే మీ బావకి ఇచ్చేయండి. పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్ లోపు ఉండాలి, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. చేతి బ్యాగులోనే పెట్టాలి.

రూటు మార్చే ఆలోచన వచ్చినా సరిహద్దు సరస్సులకి పోయి కెనడా ఒడ్డున దిగకండి. మన పాస్‌పోర్టుకి కెనడా వీసా వేరే కావాలి.

తిండి విషయం కూడా ఇప్పుడే చెప్పేస్తా. ఆ అడవిలోకి రేకు డబ్బాల్లో, గాజు సీసాల్లో తిండి తీసుకెళ్లనివ్వరు. అక్క గోంగూర పచ్చడి కట్టిస్తే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి. రాత్రి దాన్ని గుడారంలో దాచుకోకండి, ఎలుగుబంట్లు తిరుగుతాయి. తిండి మూటంతా కొమ్మకు ఎత్తుగా వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టాలి. తాడు ముందే కొనిపెట్టుకోండి.