"మిష్లీన్"ని తెలుగులో ఏమందాం?

ఒక ఫ్రెంచి పల్లెటూరి జ్ఞాపకాలు తెనిగిస్తున్నానండీ. "సెలవులివ్వగానే మిష్లీన్‌లో అమ్మమ్మగారి ఊరెళ్ళేవాళ్ళం" అని ఒకచోట వచ్చింది. ఫ్రెంచిలో ఆడవాళ్ళకి ఆ పేరుంది కాబట్టి ఎవరో పెద్దమ్మ వెంట వెళ్ళారనుకున్నా. రెండు పేజీలు తిప్పేసరికి పెద్దమ్మకి డీజిలు పోస్తున్నారు! ఒంటిపెట్టె రైలని అప్పుడర్థమైంది. "రైలుబస్సు" అంటే సరిపోతుందా?

— టైర్ల కంపెనీ పేరేనండీ అది. కంపెనీని వాళ్ళు "మిష్లాఁ" అంటారు, బండిని "మిష్లీన్". 1930 ప్రాంతంలో ఆ కంపెనీ రైలుచక్రాలకి గాలి టైర్లు తొడిగింది. 1931లో పారిస్ నుంచి దోవిల్‌కి నడిపి చూపించింది. గాలి టైరు ఎక్కువ బరువు మొయ్యలేదు. అందుకని పెట్టెని విమానంలా తేలిగ్గా కట్టి, చక్రాల సంఖ్య పెంచారు. ఇనుప చక్రాల చప్పుడు లేకపోవడం జనానికి ఎంత నచ్చిందో గానీ, తర్వాత ఇనుప చక్రాల మీద నడిచిన మామూలు ఒంటిపెట్టె బండ్లనీ మిష్లీన్లే అనేశారు. రైలు పిచ్చివాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు: "టైరుంటేనే మిష్లీన్, తక్కినవి ఒతోరాయ్ (అంటే ఇంజను తనలోనే ఉన్న మామూలు ఒంటిపెట్టె రైలు)" అని దిద్దుతారు. టైర్ల మిష్లీన్లు ఎక్కువగా పెట్రోలువి. మీ పుస్తకంలోది డీజిలు బండంటున్నారు కాబట్టి బహుశా ఒతోరాయే.

— అసలు ఒతోరాయ్ మిష్లీన్ కంటే ముందుది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బస్సులొచ్చి చిన్న లైన్ల బేరం దెబ్బకొట్టాయి. పదిమంది కోసం బొగ్గు ఇంజను రాజేసి, ఇద్దరు మనుషుల్ని పెట్టడం గిట్టుబాటు కాలేదు. డ్యూ-సెవ్ర్ ప్రాంతపు ట్రాముల్లో టార్టరీ అనే ఇంజనీరు 1920ల మొదట్లో లారీనే పట్టాలెక్కించాడు. కొన్ని బండ్లకి ఒకవైపే డ్రైవరు సీటుండేది. అందుకని ఆఖరి స్టేషన్లో కిందికి జాకీ దించి, బండిని లేపి, చేతుల్తో నెట్టి వెనక్కి తిప్పేవారు. పేడ బండిని తిప్పినట్టే!

— ముద్దుపేర్లు పెట్టడంలో వాళ్ళు మనకేం తీసిపోరు. 1950 నుంచి 1962 దాకా కట్టిన 251 బండ్లకి "పికాసో" అని పేరు. డ్రైవరు గది కప్పు మీదికి పొడుచుకొచ్చి ఒక పక్కకి ఉంటుంది, చిత్రకారుడు పికాసో బొమ్మల్లో ముక్కూ కళ్ళూ ఎక్కడపడితే అక్కడున్నట్టు. ఒకే గదిలోంచి ముందుకీ వెనక్కీ చూసి నడపడానికి ఆ ఏర్పాటు. కోర్సికా దీవిలో అయితే రైలుని "త్రినిగెల్లు" అంటారు, వణికేది అని.

— "రైలుబస్సు" నాకు ఓకే. కాకినాడ–కోటిపల్లి లైన్లో నడిచిన ఒంటిపెట్టె బండిని మా వాళ్ళంతా అదే అన్నారు. పాఠకుడికి బొమ్మ వెంటనే కనబడుతుంది.

— బొమ్మ కనబడుతుంది సరే, కంపెనీ పేరు బండి పేరైపోయిన వింత పోతుందిగా మేష్టారూ. మనకీ డాల్డా, జిరాక్సు ఉన్నాయి. అంతెందుకు, చెరువు పూడిక తీసే ప్రొక్లెయిన్ సంగతేంటి? పొక్లెయిన్ అనేది ఫ్రెంచి కంపెనీయే. ఏ కంపెనీ యంత్రం వచ్చినా మన ఊళ్ళో ప్రొక్లెయినే. పైగా మధ్యలో ఒక రేఫ మన కానుక! మిష్లీన్‌ని మిష్లీన్‌గానే ఉంచండి. మొదటిసారి వచ్చినప్పుడు "మిష్లీన్ బండి" అంటే చాలు.

— బావుందండీ, "మిష్లీన్ బండి" ఖాయం. "రైలుబస్సు"ని ఒతోరాయ్ కోసం అట్టేపెడతా. అయితే తర్వాతి పేజీలో "టోర్టియార్" వచ్చి కూర్చుంది: వంకర్లు తిరుగుతూ, ప్రతి ఊళ్ళో ఆగుతూ పోయే చిన్న రైలుకి వెక్కిరింపు పేరట. "నత్తబండి" అంటే నిదానం వస్తుంది, మెలికలు రావు. ఎవరైనా చెప్పండి.