అలల్లో చమురు కరుగుతుందా, చెదురుతుందా?

అనంతపురం నుంచి:
సముద్రంలో ఒలికిన చమురు గురించి మా పాప బడి ప్రాజెక్టులో "అలల తాకిడికి చమురు తెట్టు కరిగిపోతుంది" అని రాసుకొచ్చింది. ఆ 'కరిగిపోతుంది' నాకు పంటికింద రాయిలా తగిలింది. ఉప్పు కరుగుతుంది, బెల్లం కరుగుతుంది. శెనక్కాయ నూనె నీళ్లలో కరగడం ఎవరు చూశారు? అల విరిగినప్పుడు తెట్టు బొట్లు బొట్లుగా తెగి నీళ్లలోకి దిగుతుంది. పెద్ద బొట్లు పైకొచ్చి మళ్లీ తెట్టు కడతాయి. వెంట్రుక మందం కూడా లేని సన్న బొట్లు మాత్రం తేలలేక లోపలే తిరుగుతుంటాయి, సూక్ష్మజీవులు మెల్లగా తింటాయి. ఈ పనికి ఒక్క తెలుగు మాట కావాలి. సముద్రం చూడాలంటే మాకు రాత్రంతా బస్సు ప్రయాణం, కోస్తావాళ్లు కూడా చెప్పొచ్చు.

కర్నూలు నుంచి:
పదో తరగతిలో కాంతి రంగులుగా విడిపోవడాన్ని 'విక్షేపణం' అంటారు గానీ దాన్ని ఇక్కడికి లాగొద్దు, పిల్లలు జడుసుకుంటారు. 'చెదరడం' చాలు. 'విస్తరించడం' అని మాత్రం రాయనివ్వకండి. అది తెట్టు నీటిమీద పరుచుకోవడం, వేరే సంగతి.

కడప నుంచి:
చెదరడం సరే సార్, కానీ ఎవరు చెదరగొట్టారో అందులో లేదు. నేనైతే 'చిలకడం' అంటాను. 1993 జనవరిలో స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల దగ్గర బ్రేయర్ అనే నౌక రాళ్లకు కొట్టుకుని దాదాపు 85 వేల టన్నుల ముడిచమురు సముద్రం పాలైంది. రోజుల తరబడి తుఫాను. తేలిక రకం చమురు కావడంతో అలలు దాన్ని చిలికి నీళ్లలో కలిపేశాయి, ఒడ్డున పెద్దగా తెట్టే కనిపించలేదు. అలాగని మాయం కాలేదు, కొంత అడుగు బురదలో చేరింది. చేపల వేట ఆపాల్సి వచ్చింది.

కర్నూలు నుంచి:
చిలికితే వెన్న కూడుతుంది కదమ్మా! మీరు చెప్పేది విడిపోవడం.

కడప నుంచి:
అదీ జరుగుతుంది సార్, అందుకే ఆ మాట పట్టుకున్నా. చిక్కటి చమురైతే అలలు నీటినే చమురులోకి ఎక్కిస్తాయి. గోధుమరంగు ముద్దవుతుంది, అందులో ముప్పాతిక వంతు దాకా నీళ్లే. పరిమాణం మూడు నాలుగింతలవుతుంది, ఇక చెదరమన్నా చెదరదు. మా జేజి వెన్న కాచేటప్పుడు చిటపటలాడేది కూడా లోపల దాగిన నీళ్లే. అలా చిలికితే మజ్జిగా కావచ్చు, వెన్నా కావచ్చు. చమురును బట్టి.

అనంతపురం నుంచి:
రాత్రి సీసాలో నీళ్లు, నాలుగు చెంచాల నూనె పోసి పాప చేత గిలకొట్టించా. కాఫీ తాగి వచ్చేలోపు నూనె పైన పేరుకుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లు కాస్త పోసి మళ్లీ గిలకొడితే తెల్లగా మజ్జిగే! సముద్రంలో చమురు ఒలికితే ఓడల మీంచి చల్లే మందులు చేసేదీ ఇదేనట. పాప 'కరిగిపోతుంది' కొట్టేసి "అలలు చమురును చిలికి చెదరగొడతాయి" అని రాసింది. ఇప్పుడు ఆ సీసా కూడా బడికి తీసుకెళ్తానంటోంది, మూత సరిగ్గా పట్టడం లేదు.