పి2463 వస్తే డీపీఎఫ్ మార్చేయాల్సిందేనా?

వైట్‌ఫీల్డ్_డీజిల్: నాది బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ. ఇంటికీ ఆఫీసుకీ మధ్య అంతా సిగ్నళ్లే. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కాన్ చేయించా. పి2463 అని వచ్చింది, అంటే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) మసి ఎక్కువైందని. సర్వీస్ సెంటర్‌వాళ్లు ఇంకేమీ చూడకుండానే ఫిల్టర్ మార్చాలి, లక్ష దాటుతుంది అంటున్నారు. కోడ్ చూసి పార్టు మార్చేయడం సరైన పద్ధతేనా?

బొమ్మనహళ్లి_గ్యారేజ్: కంప్యూటర్ ఊరికే కోడ్ వేయదు సార్. మసి హద్దు దాటాక బలవంతంగా రీజెన్ (ఫిల్టర్‌ని వేడెక్కించి మసి కాల్చడం) చేయిస్తే లోపల వేడి అదుపు తప్పి సెరామిక్ పగలొచ్చు. ఆ రిస్కు మా మీద పడుతుంది. పైగా కస్టమర్‌కి సాయంత్రానికల్లా బండి కావాలి.

అనంతపురం_రూట్: అంత టెన్షన్ ఎందుకు బ్రో? కోడ్ చెరిపేసి, దేవనహళ్లి దాటాక హైవే మీద ఓ అరగంట తోలండి. మసి అదే కాలిపోతుంది.

లైవ్‌డేటా: దయచేసి ఇప్పుడే చెరపొద్దు. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. కోడ్ పడినప్పుడు బండి ఏ వేగంలో, ఎంత వేడి మీద ఉందో చెప్పేది అదే. ముందు ఫోటో తీసుకోండి. హైవే చిట్కా డీపీఎఫ్ లైటు ఒక్కటే వెలిగినప్పుడు పనిచేస్తుంది. చెక్ ఇంజిన్ కూడా వచ్చాక చాలా బండ్లు తమంతట తాము రీజెన్ మొదలుపెట్టవు.

గ్యారేజ్ అన్నా, మసి ఎంతుందో కంప్యూటర్ నేరుగా చూడదు కదా. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి తేడా, బండి నడిచిన తీరు చూసి లెక్కగడుతుంది. ఆ ఒత్తిడి సెన్సర్‌కు చేరేది సన్నటి గొట్టాల్లోంచి. ఒకటి పగిలినా, మసితో మూసుకున్నా లెక్క తప్పుతుంది. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి లైవ్ డేటా చూడండి. పొగే కదలనప్పుడు తేడా సున్నా దగ్గర ఉండాలి. లేదంటే ముందు అనుమానించాల్సింది సెన్సర్‌ని.

ఫిల్టర్ నిజంగానే నిండిందనుకుందాం. ఎందుకు నిండింది? పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయినా, టర్బో హోస్ లీకైనా, ఇంజెక్టర్ కారినా మసి పెరుగుతుంది. పక్కన పి0299 కూడా ఉంటే టర్బో ఒత్తిడి చాలట్లేదని. ముందు దాని పని చూడాలి. లేకపోతే కొత్త ఫిల్టర్ కూడా నిండిపోతుంది, ఆ లక్షా వృథా.

బొమ్మనహళ్లి_గ్యారేజ్: గొట్టాల మాట ఒప్పుకుంటా. కానీ మసి కాలుతుంది గానీ, ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. ఎక్కువ తిరిగిన బండికి ఫిల్టర్ తీసి కడిగించడమో, మార్చడమో తప్పదు. ఇక ఈ కొలతలన్నిటికీ పూట పడుతుంది. డబ్బు అడిగితే 'చూసినందుకే బిల్లా?' అంటారు.

లైవ్‌డేటా: బూడిద సంగతి నిజమే. అది తేల్చడానికీ కొలతే కావాలి. చెకింగ్ చార్జీ బిల్లులో వేరుగా రాయండి అన్నా, లక్ష తప్పుతుందంటే ఎవరైనా ఇస్తారు.

వైట్‌ఫీల్డ్_డీజిల్: ఫోటో తీశా. పి2463తో పాటు పి0299 కూడా ఉంది. ఫిల్టర్ ఆర్డర్ ఆపమని చెప్పా. టర్బో హోసులు ఎక్కడ చూపిస్తే మంచిది?