ఈ వారం సమస్య: "తిననివాడె తీపి తినెడివాడు"

మోడరేటర్:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి భోజనం అయ్యాక ఒక చిన్న చాక్లెట్ ముక్క నోట్లో వేసుకుని కూర్చుంటే ఈ పాదం దానంతటదే వచ్చింది, మళ్ళీ మర్చిపోతానేమోనని వెంటనే రాసి పెట్టుకున్నా. ఈ పాదాన్ని నాలుగోదిగా ఉంచి ముందు మూడు పాదాలు మీరు అల్లాలి, రోజూ తినే ఆ కాస్త తీపి గురించే పూరణలు రావాలి. పెళ్ళి విందులూ పండగ పిండివంటలూ వద్దు, అవి పోయిన నెలలో చాలానే అయ్యాయి.

తిననివాడె తీపి తినెడివాడు

నాలుకరుచి:
బాగుంది మోడరేటర్ గారూ, నాకోసమే ఇచ్చినట్టుంది. ఇదిగో.

నాల్క మీద నుంచి నమలక నోర్మూసి
వెన్న కరగుదాక వేచియుండి
పంటి కింద నలిపి పరుగులు పెట్టుచు
తిననివాడె తీపి తినెడివాడు

దీంట్లో వెన్న అంటే కోకో వెన్న, చాక్లెట్‌లో ఉండే కోకో గింజల కొవ్వు. అది సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒళ్ళు 37 కదా, అందుకే చేతిలో ఉన్నంతసేపూ గట్టిగా ఉండి నోట్లోకి వెళ్ళగానే జారిపోతుంది. కొరికి మింగేస్తే అది పూర్తిగా కరిగేలోపే గొంతు దాటేస్తుంది, వాసన ముక్కు దాకా వచ్చేది కరిగాకే. నేను రోజుకి ఒక్క ముక్కే తింటాను, అదీ కుర్చీలో కూర్చుని, ఫోన్ పక్కన పడేసి. ఆ నాలుగైదు నిమిషాలు ఎవరు పిలిచినా పలకను.

మాటమూట:
రెండో పాదం ప్రాణం. "వెన్న కరగుదాక వేచియుండి" అని రెండుసార్లు పైకి చదువుకున్నా, చదవడానికే నిదానం వచ్చేసింది. కానీ "నోర్మూసి" అనేది నా చెవికి తిట్టులాగా తగిలింది అన్నయ్యా, ఇంట్లో చిన్నప్పుడు విన్న మాట అది.

నాలుకరుచి:
నిజమే తిట్టే, కానీ ఇక్కడ అక్షరాలా నోరు మూసుకోవాల్సిందే చెల్లీ. తెరిస్తే వాసన బయటికి పోతుంది. ఆ మాట ఉంచుతాను.

గణవిభజన:
నాలుకరుచి గారి ఊహ బాగుంది, ముందే చెప్తున్నా, తర్వాత నన్ను అసూయ అనొద్దు. కానీ మూడో పాదం చివర "పెట్టుచు" అని ఆపి నాలుగో పాదంలో "తినని" అని ఎలా అంటారు? ఆ చివరి "చు" ద్రుతాంతం, అంటే చివర న్ దాగి ఉన్న మాట, దాని తర్వాత త వస్తే ద కావాలి, "దిననివాడె" అయిపోతుంది, అంటే ఇచ్చిన సమస్యనే మీరు మార్చేసినట్టు. పద్యం మొత్తంలో పోయింది ఆ ఒక్క అక్షరమే, అదీ సమస్య గుమ్మం దగ్గర పోయింది. పోయినసారీ ఇదే చోట జారారు, అప్పుడూ నేనే చెప్పాను.

నాలుకరుచి:
పోయినసారి మీరు చెప్పింది నా పాదం గురించి కాదు, పాతయతి గారి పాదం గురించి. అది అలా ఉంచండి. తప్పు తప్పే, ఒప్పుకుంటున్నా. మార్చాను:

పంటి కింద నలిపి పరుగెత్తి పరుగెత్తి
తిననివాడె తీపి తినెడివాడు

ఇప్పుడు మీ పూరణ చూపించండి.

గణవిభజన:
"పరుగెత్తి పరుగెత్తి" ముందుదానికంటే చాలా బాగుంది, ఆ హడావుడి గణాల్లోనే, ఆ పొట్టి పొడుగు అక్షరాల కూర్పులోనే వినిపిస్తోంది. నా తప్పు పట్టడం వల్ల పద్యం బాగుపడిందని మీరూ ఒప్పుకోవాలి. ఇక నాది:

చేదు గింజలోన చెలువారు తీపిని
నాల్కతోడ వెదకి నవ్వుకొనెడి
చాటుమాటుగాను చక్కెర బస్తాలు
తిననివాడె తీపి తినెడివాడు

చక్కెర కుమ్మరించిన చాక్లెట్ తినేవాడు తినేది చక్కెరే, చాక్లెట్ కాదు. 70 శాతం కోకో ఉన్న ముక్క పెట్టుకుని చూడండి, మొదట చేదు, తర్వాత పులుపు, ఆ తర్వాత ఎక్కడో వెనక నుంచి తీపి వస్తుంది, దాన్ని వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే నా పద్యం.

నాలుకరుచి:
"గింజలోన" తర్వాత "చెలువారు" ఎలా నిలిచింది గణవిభజన గారూ? అదీ ద్రుతమే కదా, "జెలువారు" కావాలి. "గాను" తర్వాత "చక్కెర" కూడా అంతే. నాది ఒకటి, మీవి రెండు. ఇంకొకరి పాదంలో న్ వెతికే ముందు మన పాదంలో వెతుక్కోవడం మంచి పద్ధతి అని పోయిన ఏడాది మీరే నాకు రాశారు.

పాతయతి:
ఇద్దరికీ శాంతి. నాలుకరుచి చెప్పింది సరే, కానీ గణవిభజన యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడు, మాత్రం చెడదు, చే కి జె చెల్లుతుంది, కాబట్టి "గింజలోన జెలువారు" అని రాసుకుంటే చాలు. రెండోదే ఇబ్బంది. "జక్కెర" అంటే వ్యాకరణానికి సరిపోతుంది గానీ నోటికి సరిపోదు, తీపి వస్తువు పేరు చెడగొట్టి తీపి పద్యం రాయకూడదు.

నాకు ఇంకో అభ్యంతరం ఉంది, అది అక్షరం గురించి కాదు. "చేదు గింజలోన తీపి" అన్నారు. గింజలో ఎక్కడ ఉంది తీపి? కోకో కాయ పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు ఉంటుంది, అది తియ్యగా పుల్లగా ఉంటుంది, గింజ మాత్రం చేదూ వగరూ. ఆ గుజ్జుతో పాటే గింజల్ని పోగులు పోసి కొన్ని రోజులు పులియబెడతారు, ఎండబెడతారు, వేయిస్తారు, అప్పటిదాకా దానికి చాక్లెట్ వాసనే ఉండదు. పులియబెట్టకుండా ఎంత వేయించినా ఆ వాసన రాదు. అంటే అక్కడా ఎదురుచూడటమే. నాలుకరుచి నాలుక మీద ఎదురుచూస్తే అక్కడ పోగు దగ్గర ఎదురుచూస్తున్నారు. మీ పద్యంలో అది వచ్చి ఉంటే నేను లేచి నిలబడేవాణ్ణి.

గణవిభజన:
మాస్టారూ, మీరు లేచి నిలబడేలా ఇంకోటి రాస్తాను, కాస్త టైం ఇవ్వండి. గింజలో చేదు మాత్రమే ఉందని నాకూ తెలుసు, నేను చెప్పింది నాలుకకి అనిపించే తీపి.

కొత్తకలం:
నేను ఇక్కడ రాయడం రెండోసారి, తప్పులుంటే చెప్పండి, నేర్చుకోవాలని ఉంది.

పిల్లలంద రడుగ బెట్టగా నొక్కటి
మిగులకున్న గూడ మిన్నకుండి
వారి ముఖముల నవ్వు వంద తీపుల పంట
తిననివాడె తీపి తినెడివాడు

మాటమూట:
ఎంత చక్కగా ఉందమ్మా! "మిన్నకుండి" అన్న మాటలో ఆ మనిషి మొహం కనిపించింది, పైకి ఏమీ అనలేదు, డబ్బా ఖాళీ అయిపోయింది. మా ఇంట్లో రోజూ జరిగేదే.

గణవిభజన:
మూడో పాదంలో ఒక లఘువు, అంటే పొట్టి అక్షరం, ఎక్కువైంది. వారి, ముఖము, తర్వాత "ల నవ్వు" దగ్గర గణం కూలింది. "వారి నోటి నవ్వు" అనండి, సరిపోతుంది. అయినా ముఖంలో నవ్వు కంటే చాక్లెట్ అంటుకున్న నోట్లో నవ్వే ఇక్కడ సరైనది. మిగతాదంతా శుభ్రంగా ఉంది, ద్రుతాలు కూడా చూసుకున్నారు, "అడుగ బెట్టగా" అని రాశారు చూడండి, సీనియర్లమని చెప్పుకునేవాళ్ళం ఇద్దరం జారిన చోట మీరు జారలేదు.

కొత్తకలం:
థాంక్యూ సార్, "వారి నోటి నవ్వు" అని మార్చుకున్నాను. నిజంగానే మా చిన్నాడి మూతి చుట్టూ అంటుకుని ఉంటుంది.

పాతయతి:
పద్యం మంచిదే. దారి మాత్రం అరిగిపోయిన దారి తల్లీ. పెట్టి తినకుండా ఉండే తల్లిదండ్రుల మీద ఈ సమస్యకి ఎవరైనా మొదట రాసేది ఇదే. తర్వాతిసారి మొదట తట్టిన ఊహని పక్కన పెట్టి రెండోదాన్ని రాసి చూడు, నీకు చెయ్యి ఉంది. ఇంకో మాట, పిల్లలకి పెట్టండి గానీ ఇంట్లో కుక్క అడిగితే పెట్టకండి, కోకోలో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం కుక్కల ఒంట్లోంచి త్వరగా పోదు, దానికి విషమే. నలుపు ఎంత చిక్కగా ఉంటే అంత ప్రమాదం.

మాటమూట:
ఒక సందేహం. మొన్న అలమరలో మర్చిపోయిన చాక్లెట్ తీస్తే పైన తెల్లగా బూడిదలాగా ఉంది, బూజు పట్టిందనుకుని పారేశాను. ఇప్పుడు నాలుకరుచి అన్నయ్య వెన్న గురించి చెప్తుంటే అనుమానం వచ్చింది.

నాలుకరుచి:
అయ్యో పారేశావా! అది చాలావరకు బూజు కాదు, వేడికి లోపలి కోకో వెన్న కరిగి పైకి వచ్చి మళ్ళీ గడ్డకట్టినప్పుడు అలా తెల్లబడుతుంది. తినొచ్చు, కాకపోతే గరగరలాడుతుంది. కోకో వెన్న ఆరు రకాలుగా గడ్డకట్టగలదు, అందులో ఐదో రకంగా కట్టినప్పుడే ఆ మెరుపూ, విరిస్తే టక్ మనే చప్పుడూ, నోట్లో జారడమూ వస్తాయి. తయారుచేసేవాళ్ళు వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ కాస్త వేడి చేసి ఆ ఐదో రకం కోసమే అంత తంటాలు పడతారు. అలమరలో ఎండ తగిలిందంటే వాళ్ళ పనంతా పోయినట్టే. చల్లటి పొడి చోట పెట్టుకో.

గణవిభజన:
తెలుపు మాట వచ్చింది కాబట్టి, "తెలుపు నలుపు కన్న నలుపు గాదె" సమస్యకి నాలుకరుచి గారు తెల్ల చాక్లెట్ మీద రాసిన ఈ పాదం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

పేరు చాక్లెటయ్యె పిప్పి లేకున్నను

పాదం నడక అద్భుతం, చాక్లెట్ అన్న మాటని సూర్యగణాల, అంటే ఆ చిన్న గణాల మధ్య అంత అవలీలగా విరవడం నాకు చేతకాదు. కానీ కోకో పొడిని "పిప్పి" అంటారా? పిప్పి అంటే సారం పోయాక మిగిలింది. గింజలోంచి వెన్న పిండే యంత్రం 1828లో వచ్చింది, పిండాక మిగిలిన చెక్కలోనే రంగూ చేదూ వాసనా చాలావరకు ఉంటాయి. తెల్ల చాక్లెట్‌లో లేనిది అదే. యతి కోసం ఆ మాట వేసి సారాన్నే పిప్పి చేశారు.

నాలుకరుచి:
ఇన్ని నెలలు దీన్ని మోస్తూ తిరుగుతున్నారా! సరే, మీరన్నది ఒప్పు. అప్పుడు నాకు పే కి పి దొరికిన సంతోషంలో అర్థం చూసుకోలేదు. "పిండి లేకున్నను" అని మార్చుకుంటాను, యతీ పోదు, గణమూ పోదు, ఆ పొడికి మర్యాదా దక్కుతుంది.

గణవిభజన:
"పిండి" చాలా బాగుంది. ఇది మీరు అప్పుడే రాసి ఉంటే ఆ వారం మొదటి మెప్పు నేనే రాసేవాణ్ణి.

మోడరేటర్:
పాత సమస్యలోంచి ఈ సమస్యలోకి రండి దయచేసి. నా మాట ఒకటి. ఇప్పటిదాకా వచ్చిన మొదటి రెండు పూరణల్లోనూ "పరుగెత్తి తినని", "బస్తాలు తినని" అంటూ ముందు ఒక మాట తగిలించి, తినకుండానే తినడమనే విరోధం తప్పించారు. కొత్తకలం గారిది అలా కాదు, నిజంగానే తినడు. ఆ రకంగా ఆమెదే ధైర్యం, దారి పాతదైనా.

పాతయతి:
మోడరేటర్ చెప్పింది నా మనసులో మాట. ఇక నాది.

కాచి వేడి వేడి కప్పులో పోసుక
తాగి తాగి తాగి తనివి నొంది
పండ్లు నొవ్వకుండ బారుల చాక్లెట్లు
తిననివాడె తీపి తినెడివాడు

చాక్లెట్ చరిత్రలో ఎక్కువ భాగం అది తాగేదే, తినేది కాదు. మధ్య అమెరికాలో పాతకాలపు మాయా వాళ్ళూ అజ్‌టెక్‌లూ తాగారు, ఎక్కువగా తీపి లేకుండా, నురగ వచ్చేలా. యూరపుకి వెళ్ళాక చక్కెర కలిపి వేడిగా తాగారు. కొరుక్కు తినే బారు ఇంగ్లండులో ఫ్రై కంపెనీ 1847లో చేసింది, పాలు కలిపిన చాక్లెట్ స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ 1875లో చేశాడు. అంతకుముందు తీపి చాక్లెట్ రుచి తెలిసినవాడెవడూ దాదాపు దాన్ని "తిన్న"వాడు కాడు. సమస్య పాదం అక్షరాలా నిజమైన కాలం అది.

నాలుకరుచి:
మాస్టారూ, నమస్కారం. సమస్యని అర్థంతోనే విప్పారు, మేమిద్దరం న్ ల కోసం కొట్టుకుంటుంటే మీరు 1847 వెనక్కి వెళ్ళి కూర్చున్నారు.

గణవిభజన:
ఊహకి దండం. కానీ మూడు "తాగి"లూ గణాలు నింపడానికి వేసినవేనా? రెండు చాలవా?

పాతయతి:
చాలవు. మొదటిది నాలుక కాలి వెనక్కి తగ్గే గుటక, రెండోది ఊదుకుని తాగే గుటక, మూడోది అడుగున చిక్కగా దిగినది. నేను రోజూ పొద్దున తాగేవాణ్ణి, ఆ మూడోదాని కోసమే తాగుతాను. చెంచాతో కలిపేసేవాళ్ళకి అది దక్కదు.

మాటమూట:
నేను రేపు కలపకుండా తాగి చూస్తాను మాస్టారూ.

గణవిభజన:
సరే మాస్టారూ, మూడూ ఉండాల్సిందే, వెనక్కి తీసుకున్నా. నా పద్యం సవరించాను, "జక్కెర" బాధ లేకుండా:

చేదు గింజలోన జెలువారు తీపిని
నాల్కతోడ వెదకి నవ్వుకొనెడి
చంకకెత్తి తెచ్చి చక్కెర బస్తాలు
తిననివాడె తీపి తినెడివాడు

నాలుకరుచి:
"చంకకెత్తి తెచ్చి" బ్రహ్మాండంగా ఉంది, చాటుమాటు కంటే పదిరెట్లు. ఈసారి వెతికినా న్ దొరకలేదు గణవిభజన గారూ. మీరన్న ఆ 70 శాతం ముక్క ఇవాళ రాత్రి నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చుంటాను, తీపి ఎన్నో నిమిషంలో వస్తుందో రేపు ఇక్కడే రాస్తాను.