చార్టర్ ఫ్లైట్‌లో రైఫిళ్లు: ఎవరిని అడగాలి, ఏం అడగాలి?

లాంగ్‌రేంజ్:
అందరికీ నమస్కారం. అమెరికాలోనే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి రైఫిల్ పోటీకి వెళ్తున్నాం. ఆరుగురం, నాలుగు రైఫిళ్లు, వాటి తూటాలు. మామూలు ఎయిర్‌లైన్‌లో తీసుకెళ్లడం నాకు కొట్టిన పిండి: తుపాకీ ఖాళీ చేయాలి, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి, కౌంటర్లో చెప్పి చెక్-ఇన్ చేయాలి. ఈసారి అందరం కలిసి చిన్న జెట్ మాట్లాడుకుంటున్నాం. బ్రోకర్‌ని అడిగితే "ప్రైవేట్ ఫ్లైటే కదండీ, ఏం ఫర్వాలేదు" అన్నాడు. ఆ ఒక్క మాట నమ్మి ఆరుగురి ప్రయాణం పెట్టుకోబుద్ధి కావట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కుడిసీటు:
నేను చార్టర్ విమానాల్లో కో-పైలట్‌ని. అసలు తికమకంతా "ప్రైవేట్" అన్న మాటతోనే వస్తుందండీ. అమెరికా విమాన నిబంధనల్లో, సొంత విమానంలో సొంత పని మీద వెళ్తే వర్తించే భాగం పార్ట్ 91. డబ్బిచ్చి విమానాన్ని, పైలట్‌ని కలిపి మాట్లాడుకుంటే పార్ట్ 135. ఆ 135లోనే 119వ సెక్షన్ ఉంది. విమానంలో ఉండగా ఒంటిమీద గానీ, చేతికందే చోట గానీ ప్రమాదకరమైన ఆయుధం ఉండకూడదు, దాచి పెట్టుకున్నా బయటికి కనిపించినా ఒకటే. ఆయుధం ధరించే అధికారమున్న ప్రభుత్వ ఉద్యోగులకు, ఆపరేటర్ అనుమతించిన సిబ్బందికి, ఇతరులకు మాత్రమే మినహాయింపు. మీ దగ్గర రాష్ట్రం ఇచ్చిన క్యారీ పర్మిట్ (తుపాకీ వెంట ఉంచుకునే అనుమతి) ఉన్నా, అది ఈ సెక్షన్‌ని దాటించదు.

కాబట్టి బ్రోకర్‌ని వదిలేసి ఆపరేటర్‌ని అడగండి. అంటే విమానం ఎవరి సర్టిఫికెట్ మీద నడుస్తుందో వాళ్లని. ఫోన్లో కాదు, మెయిల్‌లో. ఒకసారి ఇలాగే బ్రోకర్ చెప్పకపోవడంతో తెల్లవారుజామున విమానం పక్కకి మూడు షాట్‌గన్ పెట్టెలు వచ్చాయి. మాది పిలాటస్ పీసీ-12. అందులో సామాను క్యాబిన్ వెనకే, మధ్యలో ఉండేది ఒక వల. చెయ్యి చాపితే అందుతుంది. మా కెప్టెన్ ఒప్పుకోలేదు. ఆపరేటర్ ఆఫీసులో మనిషి దొరికి, పెట్టెల తాళంచెవులు మాకే అప్పగించేలా మాట కుదిరేసరికి రెండు గంటలు పట్టింది. ప్రయాణికుల తప్పేం లేదు, వాళ్లు ముందే అడిగారు, అడిగిన మనిషే వేరు.

సొంతరెక్కలు:
నేను సొంత విమానం నడుపుతాను. పదేళ్లుగా పిస్టల్ నడుముకే ఉంటుంది, ఎవరూ అడగలేదు. పార్ట్ 91లో ఫెడరల్ నిషేధం లేదు కదా. ఇంత భయపెట్టాల్సిన అవసరం లేదనిపిస్తోంది.

కుడిసీటు:
మీ విమానం, మీ నిర్ణయం. దాన్ని కాదనను. దిగే రాష్ట్రం చట్టం మాత్రం మీకూ వర్తిస్తుంది. ఇక చార్టర్‌లో "అందకూడదు" అని ఎందుకు పట్టుబడతారో ఒక్క ఉదాహరణ చెప్తాను. 2008 మార్చి 22న డెన్వర్ నుంచి షార్లెట్ వెళ్తున్న విమానం కాక్‌పిట్‌లో, శిక్షణ పొంది ఆయుధం ధరించే అనుమతి ఉన్న పైలట్ పిస్టలే పేలింది. తూటా విమానం గోడలోంచి బయటికి పోయింది. అందరూ క్షేమంగా దిగారు. ఆ పిస్టల్ పెట్టుకునే ఒరలో (హోల్‌స్టర్) తాళం కప్ప ట్రిగ్గర్ దగ్గర్నుంచి దూరేలా ఉండేది. నేర్పు ఉన్నవాళ్ల చేతిలోనే అలా జరిగింది. తెలియని ఆరుగురు కూర్చున్న క్యాబిన్‌లో కెప్టెన్ ఎందుకు ఒప్పుకోవాలి?

డిస్పాచ్‌డెస్క్:
లాంగ్‌రేంజ్ గారూ, విమానం మోడల్ ఏదో చెప్పండి. గరిష్ఠ టేకాఫ్ బరువు 12,500 పౌండ్లు దాటిన చార్టర్ విమానాలకు టీఎస్‌ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) వాళ్ల ప్రత్యేక భద్రతా ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని ట్వెల్వ్-ఫైవ్ అంటారు. పీసీ-12 దాని కిందికి రాదు, సైటేషన్ సీజే3 వస్తుంది, దాని బరువు 13,870 పౌండ్లు. చివరి నిమిషంలో విమానం మారితే నిబంధనా మారుతుంది. ఆ ప్రోగ్రాం పత్రం మేం కస్టమర్లకు చూపించకూడదు. అందుకే మా జవాబులు ఒక్కోసారి దాటవేస్తున్నట్టు ఉంటాయి, ఏమీ అనుకోకండి.

తూటాలు మర్చిపోతారు అందరూ. చాలా సంస్థలు పాటించే అంతర్జాతీయ లెక్క ప్రకారం మనిషికి మొత్తం బరువు 5 కిలోల వరకే, సొంత వాడకానికే, గట్టి పెట్టెలో సర్ది ఉండాలి. ఇద్దరి వాటా ఒకే ప్యాకెట్లో కలపకూడదు. మీవాళ్లలో ఎవరైనా సొంతంగా తూటాలు చేసుకునేవాళ్లుంటే గన్‌పౌడర్ డబ్బా, ప్రైమర్లు (తూటాలో మందుకి నిప్పంటించే చిన్న మూతలు) ఇంట్లోనే పెట్టి రమ్మనండి. అవి ఏ లగేజీలోనూ కుదరవు.

మబ్బుదారి:
నా భయం వేరు. అనుకున్న చోట దిగకపోతే? మా చార్టర్‌ని ఒకసారి ఉరుముల వల్ల పక్క రాష్ట్రంలో దింపేశారు. రాత్రికి అక్కడే ఉండాల్సి వచ్చింది. పెట్టెలో నా పిస్టల్. ఆ రాష్ట్రంలో అది పెట్టుకునే పర్మిట్ నాకు లేదు. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. బయల్దేరే చోట, చేరే చోట రెండింటా చట్టబద్ధమైతే, ఖాళీగా, అందకుండా ఉంచితే మధ్య రాష్ట్రాల్లో రక్షణ ఇచ్చే ఫెడరల్ చట్టం ఒకటుంది, 1986 నాటిది. కానీ యూటా నుంచి వస్తూ న్యూవార్క్‌లో కనెక్షన్ తప్పిన ఒకాయన, బ్యాగు తీసుకుని హోటల్లో రాత్రి గడిపి, మర్నాడు చెక్-ఇన్‌లో తనే చెప్తే అరెస్టయ్యాడు. 2010లో అప్పీల్ కోర్టు, హోటల్లో పెట్టె ఆయన చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఆ రక్షణ వర్తించదంది. బ్యాగు తీసుకోకముందే అక్కడి పోలీసులతో మాట్లాడి ఉండొచ్చని కూడా తీర్పులో రాశారు.

అందుకే ఇప్పుడు మొదటి ఫోన్లోనే అడుగుతాను: "ఆల్టర్నేట్ ఎయిర్‌పోర్ట్, అంటే అనుకున్న చోట దిగలేకపోతే దిగేది, ఏది? అక్కడ రాత్రి ఉండాల్సి వస్తే పెట్టెలు విమానంలోనే తాళం వేసి ఉంచుతారా?" మంచి ఆపరేటర్ ఈ ప్రశ్నకి విసుక్కోడు.

లాంగ్‌రేంజ్:
ఇది నాకు తట్టనే లేదు. చాలా థాంక్స్ అండీ.

నీటివిమానం:
అలాస్కా వైపు కథ వేరు. అడవిలో దిగే చిన్న విమానాల్లో రైఫిల్ అంటే ప్రాణరక్షణ సామాను. ఒకప్పుడు అక్కడి రాష్ట్ర చట్టమే అత్యవసర సామానుతో పాటు తుపాకీ ఉండాలనేది, తర్వాత ఆ మాట తీసేశారు. అక్కడి పైలట్లు రైఫిల్ చూసి కంగారుపడరు, బోల్ట్ తీసి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) చూపించమంటారు, అంతే. వాళ్లని భయపెట్టేది ఎలుగుబంట్ల కోసం పట్టుకెళ్లే స్ప్రే డబ్బా. క్యాబిన్‌లో లీకైతే పైలట్‌కి కళ్లు కనిపించవు. మాతో వచ్చిన పైలట్ ఆ డబ్బాలు అడిగి తీసుకుని, విమానం కింద తేలే ఫ్లోట్ మూత తిప్పి అందులో పెట్టాడు. స్ప్రే ఉంటే దాచకుండా చెప్పండి.

అక్కడికి వెళ్తూ కెనడాలో ఇంధనం కోసం ఆగేవాళ్లు జాగ్రత్త. ఆగేది పావుగంటే అయినా అది సరిహద్దు దాటడమే. రైఫిల్‌కి 5589 ఫారం నింపాలి, కస్టమ్స్ అధికారి ముందే సంతకం పెట్టాలి, ముందుగా పెట్టేయకూడదు. పిస్టల్ సంగతి చాలా కష్టం, వదిలేసి వెళ్లడమే మేలు. అమెరికా దాటేముందు కస్టమ్స్ వాళ్ల దగ్గర 4457 ఫారం మీద సీరియల్ నంబర్ వేయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు తుపాకీ మీదేనని చూపించుకోవచ్చు.

లాంగ్‌రేంజ్:
వెళ్లొచ్చాం, ఎలా జరిగిందో చెప్తాను. ఆపరేటర్‌కి మెయిల్ పెట్టాను: తుపాకులు ఎన్ని, ఏ రకం, ఒక్కొక్కరి తూటాల బరువెంత, పెట్టెల కొలతలు, ఆల్టర్నేట్ ఏది. మర్నాటికి జవాబొచ్చింది. మొదట చెప్పిన విమానం కాకుండా, క్యాబిన్‌తో సంబంధం లేకుండా బయటి నుంచే తలుపు తీసే సామాను అర ఉన్నది ఇచ్చారు. కొంచెం ఎక్కువైంది, ఒప్పుకున్నాం.

ఉదయం కెప్టెన్ గారు పెట్టెలు ఒక్కొక్కటే తెరిపించారు. నాలుగు రైఫిళ్లకీ బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్లో చిటికెనవేలు పెట్టి చూశారు. మా కుర్రాడొకడి రైఫిల్ మ్యాగజీన్‌లో (తూటాలు నింపే డబ్బీ) రెండు తూటాలు ఉండిపోయాయి. ఆయన కోప్పడలేదు, ఆ రెండూ తీసి తూటాల పెట్టెలో పెట్టించి, మళ్లీ మొదటి పెట్టె నుంచి చూడటం మొదలుపెట్టారు.